కడగని ముఖమల్

ఇంతవరకూ సంగతి ఇది. తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర జట్కా తోలినవాణ్ణి నేను. పేరు ఎలీషా. ఆటోలు వచ్చి ఆ బేరం పోయాక పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పుకుని బతుకుతున్నాను. గుర్రం పేరు చుక్కమ్మ. నుదుటి మీద తెల్లచుక్క ఉంటుంది, అందుకని ఆ పేరు. హైవే మీద చేపల లారీ ఒకటి దాని వెనక కాలిని గీరుకుంటూ పోయింది. ఉంగుటూరు దాటాక కాలవ గట్టు మీద ఒక ట్రస్టు వాళ్ళు నడిపే పశువుల ఆసుపత్రిలో చేర్చాను. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కుట్లు బాగా పడ్డాయన్నారు. పుండు మాత్రం మానలేదు.

ఆ షెడ్డులోనే పక్క కొట్టాల్లో ఉన్న రెండు గుర్రాలు పోయాయి. ఒకటి ఏలూరుది, ఒకటి ఆకివీడుది. వచ్చిన జబ్బులు వేరు, పోయిన తీరు ఒక్కటే. నిన్న డాక్టరు హర్షిణి గారు అందరినీ వరండాలో నిలబెట్టి సంగతి చెప్పారు. ఈ పుళ్ళలో ఉన్నది మామూలు మందులకి లొంగని బ్యాక్టీరియా. ఏ సూది పొడిచినా చావదు. ట్రస్టు సెక్రటరీ శివరామయ్య ఆ మాట పూర్తిగా వినలేదు. "రేపు సాయంత్రానికి షెడ్డు ఖాళీ కావాలి. మిగిలిన గుర్రానికి ఇంజెక్షన్ ఇచ్చేసి గోతిలో సున్నం పోసి పూడ్చేయండి" అని చెప్పి జీపెక్కాడు.

మిగిలిన గుర్రం చుక్కమ్మ. ఆయన చెప్పిన రేపు ఇవాళే.

పొద్దున్నుంచీ ముసురు. శ్రావణమాసం కావడంతో కాలవ నిండుగా పోతోంది. రేకుల కప్పు మీద చినుకులు పడుతున్నాయి. చుక్కమ్మ మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. నాలుగో కాలు నేలకి ఆనించడం మానేసింది. ఉడికించిన ఉలవలు పెడితే వాసన చూసి మూతి తిప్పేసుకుంది. మెడ మీద చెయ్యి వేస్తే కాలుతోంది.

హర్షిణి గారు రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చారు. చిన్నపిల్లే. ఉద్యోగంలో చేరి ఎంతోకాలం కాలేదు. రాత్రి నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. కట్టు విప్పి చూశారు. వాసన నాదాకా వచ్చింది. ఆ వాసన నాకు కొత్త కాదు.

"ఒక మందు మిగిలి ఉందన్నారు నిన్న" అన్నాను.

"ఉందండీ."

"వెయ్యండి మరి."

"వెయ్యను, ఎలీషా గారూ."

"ఎందుకని?"

"అది మనుషుల కోసం దాచుకున్న ఆఖరి మందు. పెద్దాసుపత్రుల్లో ఇంకేదీ పనిచేయనివాళ్ళకి ఇస్తారు. దాన్ని కూడా ఇలా పశువుల మీద వాడేస్తే ఈ బ్యాక్టీరియా దానికీ మొండికేస్తుంది. తర్వాత మనిషికి ఇవ్వడానికి ఏమీ మిగలదు."

నేను తాడు చేతికి చుట్టుకున్నాను.

"మా ఆవిడ దానమ్మ కడుపులో ఆపరేషన్‌కి వెళ్ళిందండీ. బాగా జరిగిందనే చెప్పారు. కుట్ల దగ్గర చీము పట్టింది. మందు మార్చారు. అదీ పనిచేయకపోతే ఇంకోటి మార్చారు. ఆఖరికి ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. జబ్బు పేరైనా చెప్పలేదు. మీరు దాచారంటున్న మందు మా దానమ్మకి ఎవరూ తియ్యలేదు. ఎవరికోసం దాచారండీ?"

  అప్పట్లో నాకు జవాబులు చెప్పినవాళ్ళని చాలామందిని చూశాను.

ఆవిడ గ్లవ్స్ తీసి బకెట్లో పడేశారు.

"దానికి నేను జవాబు చెప్పలేనండీ. చుక్కమ్మ సంగతి చెప్పగలను. మందు లేకుండా ఒక దారి ఉంది. కుళ్ళిన కండంతా కోసి తీసేస్తాను. మళ్ళీ కుట్లు వెయ్యను. పుండు తెరిచే ఉంచి రోజూ ఉప్పునీళ్ళతో కడగాలి. పంచదార, అయోడిన్ కలిపి పట్టు వెయ్యాలి. అడుగునుంచి కొత్త కండ పూడుకుంటూ పైకి రావాలి. నెలలు పడుతుంది. మధ్యలో ఒక్కరోజు బద్ధకించినా మొదటికొస్తుంది. ఇందులో మందు లేదు. చాకిరీ ఉంది."

"చాకిరీ చేసేవాణ్ణే గదండీ."

"తెలుసు. కానీ దానికంటే ముందు ఒకటి తేలాలి. నేను ఇవాళ కోసి బాగు చేస్తాను. బ్యాక్టీరియా వచ్చిన దారి మూయకపోతే రేపు మళ్ళీ అదే దారిన వస్తుంది. అప్పుడు శివరామయ్య గారు చెప్పిందే నిజమవుతుంది."

"ఇంత మొండి పురుగు అసలు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"అందరం కలిసి పెంచాం. కొల్లేరు చెరువుల్లో చేపలకి ఇవే మందులు బస్తాల్లో తెచ్చి పోస్తారు. కోళ్ళ మేతలో కలుపుతారు. మీ పెళ్ళి గుర్రాలవాళ్ళు ముహూర్తాల ముందు నీరసం పోతుందని రెండు సూదులు పొడిపించి ఆపేస్తారు. మేం అడిగిన ప్రతివాడికీ రాసిచ్చేస్తాం."

శివరామయ్యకి కొల్లేరులో చేపల చెరువులున్నాయి. పోయినేడు ప్రభుత్వం ఆక్రమణలని గట్లు కొట్టేసినప్పుడు కొన్ని పోయాయి. మిగిలినవాటి మీద వచ్చిన డబ్బుతోనే ఈ షెడ్డుకి రేకులు వేయించాడు.  

అటెండరు ప్రభుదాసు తొట్టి కడుగుతున్నాడు. నెమ్మదైనవాడు. ఎవరేం అడిగినా ఆయ్ అంటాడు. హర్షిణి గారు బోర్లించిన బకెట్ మీద కూర్చుని వేళ్ళ మీద లెక్క పెట్టడం మొదలుపెట్టారు.

"నేల, తొట్టి, బకెట్లు, కట్టు కట్టే సామాను అన్నీ దూదితో తుడిచి పశువైద్య కాలేజీ ల్యాబుకి పంపాను. మన ముగ్గురి ముక్కుల్లోంచి కూడా తీసి పంపాను. ఆ ముక్కులవి ఇవాళ ఫోన్లో చెబుతామన్నారు. మిగిలినవాటిలో ఏమీ దొరకలేదు. నేల కడిగాం, సున్నం కొట్టాం. అయినా వస్తోంది. పక్క పాకలో గేదెలు ఉన్నాయి. ఒక్కదానికీ రాలేదు. ఆకివీడు గుర్రమైతే ఈ గడప తొక్కకముందే వీపు మీద పుండుతో వచ్చింది. అంటే బయట కూడా ఉంది. ఏలూరు గుర్రం, ఆకివీడు గుర్రం, మీ గుర్రం. ఒకదాని మొహం ఒకటి చూసి ఎరగవు. మూడింటికీ తగిలేదేంటి?"

"మూడూ పెళ్ళి గుర్రాలేనండీ."

"అది నాకూ తెలుసు. పెళ్ళిలో ఏం తగులుతుంది?"

ప్రభుదాసు చీపురు ఆపాడు.

"ఇవాళ కూడా ఏలూరులో పెళ్ళుందటండి. నిత్యానందం గారు మధ్యాహ్నం వస్తానని కబురు పెట్టారు. ముట్టింపుకి."

"దేనికి?"

ప్రభుదాసు నావైపు చూశాడు. చెప్పకూడనిది చెప్పానేమోనని భయపడినట్టున్నాడు. నేనే చెప్పాను.

పెళ్ళివారు ఒక గుర్రాన్ని చూసుకుని తాంబూలం ఇస్తే ఆ పెళ్ళి ఆ గుర్రానిదే. ఈలోగా దానికి జబ్బు చేసి ఇంకో గుర్రం వెళ్ళవలసి వస్తే, ఊరికే వెళ్ళడానికి లేదు. ఊరేగింపులో కప్పే ముఖమల్ తెచ్చి ముందు జబ్బు గుర్రం వీపు మీద వెయ్యాలి. అది ఒంటి మీద ఉంచుకుంటే వేరే గుర్రం వెళ్ళడానికి ఒప్పుకున్నట్టు. అప్పుడు తీసుకెళ్ళి రెండో గుర్రానికి కప్పుతారు. దీన్నే ముట్టింపు అంటారు. అది చెయ్యకపోతే పెళ్ళికొడుకు ఎక్కగానే రెండో గుర్రం కింద పడేస్తుందని మా గుర్రాలవాళ్ళ భయం. హిందువుల పెళ్ళికైనా మా క్రైస్తవుల పెళ్ళికైనా ఇదే పద్ధతి. ఇటువైపు ఊళ్ళన్నిటికీ మంచి ముఖమల్ ఒక్కటే ఉంది. తాడేపల్లిగూడెంలో బ్యాండు సెట్టు నడిపే నిత్యానందానిది. ముహూర్తాల రోజుల్లో గుర్రం నుంచి గుర్రానికి అదే తిరుగుతుంది.

ఇవన్నీ నాకు తెలుసు. ఊపిరి పీల్చడం తెలిసినట్టు తెలుసు. ఎవరైనా అడిగితే తప్ప గుర్తుకురాని సంగతి.

"దాన్ని ఎప్పుడు ఉతుకుతారు?" అన్నారు హర్షిణి గారు.

"ముఖమల్ ఉతకరండీ. జరీ నల్లబడిపోతుంది. అద్దాలు ఊడిపోతాయి. పన్నీరు చల్లి నీడలో ఆరేస్తారు."

ఆవిడ బకెట్ మీద నుంచి లేచారు.

"ఇక్కడికి ఎన్నిసార్లు తెచ్చారు, ప్రభుదాసూ?"

"ముహూర్తం ఉన్నప్పుడల్లా తెచ్చారండి. ఆసుపత్రి వెనక గేటు నేనే తీసేవాణ్ణి. ఏలూరు గుర్రానికి వేశారు, చుక్కమ్మకి వేశారు. ఒక్క నిమిషమేనండి."

"చూస్తూ చూస్తూ ఎలా ఊరుకున్నావు? నాకు చెప్పాలని అనిపించలేదా?"

"మీరు మందుల సంగతి అడిగారు. మేత సంగతి అడిగారు. నీళ్ళ సంగతి అడిగారు. ఇది మందూ కాదు, మేతా కాదు గదండీ."

ఆవిడ నవ్వారో ఏడ్చారో తెలియలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నారు. తర్వాత ఇటు తిరిగి, "ఆయన రాగానే లోపలికి పంపించు. గుర్రం దగ్గరికి కాదు, వరండాలోకి" అన్నారు.

నిత్యానందం దానమ్మకి తమ్ముడు. దానమ్మని మట్టిలో పెట్టిన రోజు అతను భీమడోలులో ఒక పెళ్ళిలో క్లారినెట్ వాయిస్తున్నాడు. ఒప్పుకున్న పెళ్ళి, మానడానికి లేదని కబురు పంపాడు. ఆ తర్వాత నేను అతనితో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకేమీ కష్టం కాలేదు. ముట్టింపుకి వచ్చినప్పుడల్లా నేను గేటు బయట టీ కొట్టుకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. అందుకే ఆ గుడ్డ ఎన్నిసార్లు వచ్చిందీ నేను చూడలేదు.

మధ్యాహ్నం ముసురు కాస్త తగ్గాక ఆటో ఆగింది. ముందు అత్తరు వాసన వచ్చింది. తర్వాత నిత్యానందం దిగాడు. బొద్దుగా ఉంటాడు. బ్యాండువాళ్ళ ఎర్రకోటు అప్పుడే తొడిగేశాడు. చంకలో రేకు పెట్టె.

"నమస్కారం డాక్టరు గారూ. ఒక్క నిమిషం చాలండీ, కప్పి తీసేస్తాను. మా బావకి నన్ను చూస్తే అన్నం సయించదు. ఆయన్ని అలా టీకి పంపించెయ్యండి."

"ఇవాళ టీకి వెళ్ళను" అన్నాను.

"ఓహో. మాట వచ్చిందే. నీకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయిందని గూడెంలో చెప్పుకుంటున్నారు బావా. నేనే కాదు కాదని సర్దిచెబుతున్నాను."

"పెట్టె తెరవండి" అన్నారు హర్షిణి గారు.

తెరిచాడు. ముఖమల్ ఎర్రగా మెరిసింది. అంచంతా జరీ ఏనుగులు, కప్పితే వెనక కాళ్ళ మీదికి జారుతుంది. మధ్యలో రూపాయి బిళ్ళంతేసి అద్దాలు. దాన్ని చూసి తాంబూలం ఇవ్వని పెళ్ళివారు లేరు. ఆవిడ కొత్త గ్లవ్స్ తొడుక్కుని గుడ్డని తిరగేసి వరండా బల్ల మీద పరిచారు. లోపలివైపు కోరా గుడ్డ. మధ్యలో, గుర్రం వీపు తగిలేచోట, అట్టలా గట్టిపడిపోయి ఉంది. పసుపు పచ్చని మరకలు ఒకదాని మీద ఒకటి. ఒక మరక అంచున తెల్లవెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"తెల్లగుర్రం ఎవరిది?"

"ఏలూరు వాళ్ళది" అన్నాడు నిత్యానందం.

"అది పోయింది. ఈ రెండో మరక?"

"చెమటండీ. గుర్రానికి చెమట పడుతుంది గదా."

"చెమట ఇలా పెంకు కట్టదు. ఇది చీము. పన్నీరు చల్లితే వాసన పోతుంది, ఇది పోదు. సాయంత్రం ఇది ఏ గుర్రం మీద వేస్తారు?"

"నాదేనండీ. ఈమధ్యే కొన్నాను. పిల్ల గుర్రం."

"దాని ఒంటి మీద ఎక్కడైనా గీరుడు ఉందా?"

నిత్యానందం నీళ్ళు నములుతూ, "జీను రాపిడి కొంచెం. చిన్నదే" అన్నాడు.

"ఆకివీడు గుర్రానిది కూడా మొదట చిన్నదే అయ్యుంటుంది" అన్నారు ఆవిడ. "దీన్ని మరిగే నీళ్ళలో వెయ్యాలి. ఇప్పుడే."

"మరిగే నీళ్ళలోనా? జరీ ఉంటుందా? అద్దాలుంటాయా? ఏలూరు పెళ్ళివారు దీన్ని చూసే ఒప్పుకున్నారండీ. బోసి గుర్రాన్ని పట్టుకెళ్తే బ్యాండుతో సహా వెనక్కి తోలేస్తారు. బావా, నువ్వైనా చెప్పు. నువ్వూ ఈ గుడ్డ వేసే కదా తిన్నావు."

"తిన్నాను. ఇప్పుడు అది నా గుర్రాన్ని తింటోంది."

"ఒక్క పెళ్ళి కానివ్వండి. రేపు పొద్దున్నే నేనే తెచ్చి మీకు అప్పజెబుతాను."

"నీకు ఎప్పుడూ ఒక పెళ్ళి ఉంటుంది" అన్నాను. "మీ అక్కని పాతిపెట్టేటప్పుడూ ఉంది."

అతని మొహంలో నవ్వు పోయింది.

"ఇన్నేళ్ళూ ఆ మాట కడుపులో దాచుకున్నావన్నమాట."

"దాచలేదు. అడిగిన ప్రతివాడికీ చెప్పాను. నువ్వు అడగలేదు."

"ఆరోజు నేను ఎలా వాయించానో నీకు తెలుసా?"

"తెలుసుకోను."

హర్షిణి గారి సెల్ మోగింది. సిగ్నల్ కోసం గేటుదాకా నడిచారు. చినుకుల్లోనే నిలబడి విన్నారు. ఎక్కువసేపు మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు అడుగులు నిదానంగా పడ్డాయి. వచ్చి నా ఎదురుగా కాకుండా కొంచెం దూరంగా ఆగారు. అప్పుడే నాకు అర్థమైంది.

"ల్యాబు వాళ్ళండీ. ప్రభుదాసుకి లేదు. నాకు లేదు. మీ ముక్కులో ఉంది, ఎలీషా గారూ."

"నాకు ఏ జబ్బూ లేదు."

"ఉండదు. మనిషికి ఏమీ చెయ్యకుండా ముక్కులో కాపురం ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉండొచ్చు. మొహం తుడుచుకున్న చేత్తో పుండు ముట్టుకుంటే చాలు. గుడ్డ ఒక దారి. మనిషి ఇంకో దారి."

"గుర్రం నుంచి నాకొచ్చిందా? నా నుంచి గుర్రానికి వెళ్ళిందా?"

"చెప్పలేను. మనుషుల ఆసుపత్రుల్లోనూ ఇదే జాతి తిరుగుతుంది."

"మా దానమ్మ పుండు కడిగి కట్టు మార్చింది నేనే. ఆఖరిదాకా."

ఆవిడ తల వంచుకున్నారు. నిత్యానందం పెట్టె మూత పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ ఆసుపత్రి నా భార్యని తీసుకుని, బదులుగా నాకు ఇది ఇచ్చి పంపింది. అందుకు రుజువు లేదు. నాకు రుజువు అక్కర్లేదు.

"మీకు నయమవుతుంది" అన్నారు హర్షిణి గారు. "ముక్కులో రాసుకునే మందుంది. కొన్నాళ్ళు రాసుకుంటే పోవచ్చు. మళ్ళీ పరీక్ష చేసి లేదని తేలేదాకా మీరు షెడ్డులోకి రాకూడదు. కోసి తెరిచిన పుండు దగ్గరికి అసలు రాకూడదు."

"మరి పట్టుకునేదెవరు?"

 ఇంత జ్వరంలో పూర్తి మత్తు ఇస్తే గుర్రం మళ్ళీ లేవదు. సగం మత్తులో, నిలబెట్టే కోయాలి. తల దగ్గర అది నమ్మిన మనిషి ఉండాలి. ప్రభుదాసుని అది మొన్నే భుజం మీద కరిచింది. చుక్కమ్మ పిల్లగా ఉన్నప్పటి నుంచీ రెండు చేతులకే లొంగింది. ఒకటి నాది. బ్యాండు మోతకి బెదరకుండా దాన్ని మప్పినవాడిది రెండోది. డోలు వాయిస్తుంటే దాని చెవిలో ఏదో గొణుగుతూ నిలబడేవాడు. ఏం గొణిగేవాడో నాకెప్పుడూ చెప్పలేదు.

వాడు ఎదురుగానే ఉన్నాడు. వాడికీ తెలుసు.

నేను కాలవవైపు చూశాను. గుర్రపుడెక్క మొక్కలు కొట్టుకుపోతున్నాయి. శివరామయ్య జీపు ఏ క్షణమైనా రావచ్చు.

"నీకు పెళ్ళుందన్నావుగా" అన్నాను.

"ఉంది. అడుగు బావా."

"చుక్కమ్మని పట్టుకో."

"ఎవరిని అడుగుతున్నావు? ప్రభుదాసునా?"

 అతని పేరు నా నోట పలికి చాలాకాలమైంది.

"నిత్యానందం. చుక్కమ్మని పట్టుకో."

అతను కోటు విప్పి కుర్చీ మీద పడేశాడు. సెల్ తీసి ఎవరికో, "గుర్రం లేదని చెప్పు. తిడతారు, తిట్టించుకో. పెళ్ళికొడుకుని కారులో తీసుకెళ్ళమను" అన్నాడు. ముఖమల్‌ని రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి నడిచాడు. అక్కడ పొయ్యి మీద ఉలవలు ఉడికించే పెద్ద డేగిసాలో నీళ్ళు మరుగుతున్నాయి. గుడ్డని అందులోకి తోసి కర్రతో కిందికి అదిమాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒక అద్దం ఊడి పైకి తేలి మళ్ళీ మునిగింది. అతను చూస్తూ నిలబడలేదు. పంపు దగ్గరికి వెళ్ళి చేతులు మోచేతులదాకా సబ్బుతో రుద్దుకున్నాడు. ఇంకోసారి రుద్దమని హర్షిణి గారంటే ఇంకోసారి రుద్దాడు.

"ఈయనకి పరీక్ష చెయ్యలేదు కదండీ" అన్నాను.

"లేదు. ముక్కుకి, నోటికి గుడ్డ కట్టిస్తాను. గ్లవ్స్ వేయిస్తాను. తలవైపే ఉంటారు, పుండువైపు రారు. ఇంతకంటే మంచి మనిషి ఉంటే చెప్పండి."

లేడు.

నేను అతన్ని క్షమించలేదు. పని చెప్పాను. రెండూ ఒకటి కాదు.

షెడ్డుకి వెళ్ళేముందు నిత్యానందం నా దగ్గర ఆగాడు. మొహానికి కట్టిన తెల్లగుడ్డ మీద కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి అచ్చం దానమ్మ కళ్ళు. నేను చూపు తిప్పుకున్నాను.

"ఎడమ చెవి వెనక గీకితే నిలబడుతుందా ఇప్పటికీ?" అని అడిగాడు.

"నిలబడుతుంది."

లోపలికి వెళ్ళిపోయాడు. ప్రభుదాసు వేడినీళ్ళు మోసుకెళ్ళాడు. తలుపు వేసేముందు హర్షిణి గారు నాతో, "ఏం జరిగినా, ఎవరు పిలిచినా మీరు లోపలికి రావద్దు. నేను చెబితే తప్ప" అన్నారు. తలుపు పడింది. చుక్కమ్మ ఒకసారి సకిలించింది. నన్నే పిలిచింది. 

గడప మీద కూర్చుని కాళ్ళు బారచాపాను. ఆ షెడ్డుకి అదొక్కటే వాకిలి.

జీపు రానే వచ్చింది. శివరామయ్య దిగాడు. తెల్లపంచె బురద కాకుండా ఎత్తి పట్టుకున్నాడు. వెనక సీట్లోంచి ఇంకో డాక్టరు దిగాడు. నేను ఎరగని మనిషి. చేతిలో స్టీలు ట్రే, దాని మీద తువ్వాలు.

"ఏవోయ్ ఎలీషా. లే. పని కానియ్యాలి."

"లోపల ఆపరేషన్ జరుగుతోందండీ."

"ఎవరు చెయ్యమన్నారు?"

"నేను. గుర్రం నాది."

"చేర్చేటప్పుడు ఏమన్నావ్? మీ చేతుల్లో పెడుతున్నా, మీ ఇష్టం అనలేదూ?"

"బతికించమని పెట్టానండీ."

ఆయన గొంతు తగ్గించాడు. మంచిగానే మాట్లాడాడు. "చూడు. నాకు మాత్రం పాపభీతి లేదా? ఈ చుట్టుపక్కల పాడి అంతా ఈ ఆసుపత్రినే నమ్ముకుని ఉంది. ఇక్కడ మందుకి లొంగని రోగం ఉందని పొక్కిందా, రేపట్నుంచి ఒక్క గేదె కూడా గేటు దాటదు. ఉన్న ఒక్క ఆసుపత్రీ మూతపడుతుంది. ఒక్క గుర్రం కోసమా?"

"దాచిపెట్టిన ఆసుపత్రిని నేను చూశానండీ. అది మూతపడలేదు. పైన ఇంకో అంతస్తు లేపారు."

"మర్యాదగా చెబుతున్నాను. లేస్తావా, నలుగురిని పిలిచి లేపించమంటావా?"

జీపు డ్రైవరు నా భుజం పట్టుకోవడానికి వంగాడు. నేను కదలలేదు.

"ముట్టుకో" అన్నాను. "లోపల గుర్రం పుండులో ఉన్నదే నా ముక్కులోనూ ఉందట. ఇందాకే ల్యాబునుంచి ఫోన్ వచ్చింది. మీ ఇంట్లో పసిపిల్లలున్నారేమో చూసుకుని ముట్టుకో."

డ్రైవరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ట్రే పట్టుకున్న డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. శివరామయ్య పంచె ఇంకొంచెం పైకెత్తాడు. తుమ్మితే పారిపోయేలా ఉన్నారు. వాళ్ళూ నేనూ ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ ఉన్నాం. నా వీపు వెనక తలుపు చెక్క. ఆ చెక్క వెనక కత్తెర చప్పుడు, నీళ్ళ చప్పుడు. నిత్యానందం ఏదో గొణుగుతున్నాడు. అందులో దానమ్మ పేరు వినబడినట్టైంది.

కూర్చోగలను. ఎంతసేపైనా కూర్చోగలను. నాకు చేతనైన పని ఇదొక్కటే అయితే ఇదే చేస్తాను అనుకున్నాను.

అప్పుడు లోపల కొట్టం చెక్కలు విరిగినట్టు పెద్ద చప్పుడైంది. ఏదో బరువైనది గోడకి తగిలింది. బేసిను కిందపడి దొర్లింది. ప్రభుదాసు ఏదో అన్నాడు, ఏడుపు గొంతుతో.

"బావా" అన్నాడు నిత్యానందం లోపల్నుంచి. "లోపలికి రా. తొందరగా రా."

శివరామయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. నేను లేస్తే వాకిలి ఖాళీ.

డాక్టరు గారు పిలిస్తే తప్ప రానని ఒప్పుకున్నాను. తలుపుకి చెవి ఆనించి ఆవిడ గొంతు కోసం విన్నాను. వినబడలేదు. ఆవిడ పిలవలేదో, పిలవలేకపోతున్నారో తెలియక గడప మీదే ఉండిపోయాను.